నిండని ఆటో

మెదక్‌లో షేర్ ఆటోలకు కొదవ లేదు. ఏడుగురు కూర్చునే బండిలో పద్నాలుగు మందిని కుక్కి, పదిహేనో మనిషిని చూసి హారన్ కొట్టే మొనగాళ్లూ ఉన్నారు. ఎల్లం ఆటో సంగతి మాత్రం వేరు. అది నిండేదే కాదు.

రెండేళ్ల కిందట మంజీర పొంగిన రోజుల్లో ఏడుపాయల దగ్గర ఆకాశం నుంచి ఏదో మండుతూ వచ్చి నీళ్లలో పడింది. ఎగిసిన నీళ్లు ముగ్గురిని నిలువెల్లా తడిపాయి. ఒకడు ఒడ్డున ఆటో కడుగుతున్న ఎల్లం, ఇంకొకరు పక్కనే బట్టలు పిండుతున్న అతని భార్య రాజమణి, మూడో మనిషి పిల్లలకు వాగు చూపించడానికి వచ్చిన రోజీ టీచరు. ఆనాటి నుంచి ఎల్లం "జర జరుగుండ్రి" అంటే చాలు, ఆటోలో ఇంకొకరికి చోటు పుట్టుకొచ్చేది. వెయ్యి మంది ఎక్కాక కూడా ఇంకొకరికి జాగా ఉండేది. రాజమణి ఏదైనా పట్టుకుందంటే ఆమె చేతిలోంచి దాన్ని ఏ బలమూ విడిపించలేకపోయేది. రోజీ ఉన్న చోట ఎవరి మాటైనా ఎవరికైనా తెలిసిపోయేది, చివరికి వీధికుక్కల తగాదాలు కూడా. వరదొచ్చినా మంటలు లేచినా ముగ్గురూ కలిసి ఆటోలో బయల్దేరేవాళ్లు. పేపర్లవాళ్లు ఏవేవో వీరనామాలు తగిలించారు గానీ, ఊరు మాత్రం 'మనోళ్ల బ్యాచ్' అని సరిపెట్టుకుంది.

అయితే ఆ పుట్టే చోటు సరిగ్గా మోకాళ్లు ఇరికేంతే పుట్టేది. మోచెయ్యి లేపడానికి కూడా సందు ఉండేది కాదు. పైగా బండి కదులుతున్నంతసేపూ లోపలివాళ్లు దిగలేరు, అంచున కూర్చున్నవాళ్లు దిగితే గానీ లోపలివాళ్లకు దారి లేదు. దిగాక తిమ్మిరెక్కిన కాళ్లతో నేలను తొక్కుకుంటూ కాసేపు అక్కడే నిలబడాలి. రాజమణి దీనికి ఎప్పుడూ నవ్వేది. "పెండ్లికొచ్చినోడైనా సావుకొచ్చినోడైనా నీ ఆటో దిగితే ఒక్క తీర్గనే కుంటుతడు" అనేది.

ఎల్లం బలహీనత ఇంకొకటి. రోడ్డు మీద చెయ్యెత్తిన మనిషిని దాటిపోవడం అతనికి చేతకాదు. ఇరవై ఏళ్ల అలవాటు, పాదం దానంతటదే బ్రేకు మీద పడుతుంది. ఒకసారి మంటలార్పడానికి పోతూ కోడిపెట్టను చంకలో పెట్టుకున్న ముసలమ్మ కోసం ఆపాడు. ఆ రోజు రాజమణి పెట్టిన చీవాట్లు బజారంతా విన్నది.

ఇప్పుడా చీవాట్లు పెట్టే మనిషి పక్కన లేదు. అందుకే సోమవారం నుంచి ఎల్లం కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

ఆ సోమవారం చర్చి మైదానం మీద గాల్లో ఒక ఓడ వచ్చి నిలిచింది. అందులోంచి మూడు కాళ్ల మనుషులు దిగారు, ఒక్కొక్కరు కరెంటు స్తంభమంత ఎత్తు. వాళ్ల రాజ్యం పేరు ఎవరికీ నోరు తిరగక ఊరు వాళ్లను పొడుగోళ్లు అంది. వాళ్ల శత్రువులు పెంకోళ్లు, వీపున తాబేటి చిప్ప, కింద ఆరు కాళ్లు. రెండు రాజ్యాలూ నక్షత్రాల మధ్య ఒక సరిహద్దు కోసం మూడు వందల ఏళ్లుగా తన్నుకుంటున్నాయి. మన దగ్గర పొలాల గెట్టు పంచాయితీల్లాంటిదే, కాకపోతే ఈ గెట్టు వెడల్పు కొన్ని కోట్ల మైళ్లు. ఎంత ఫౌజునైనా ఒక్క బండిలో మోసే మనిషి భూమ్మీద ఉన్నాడని పొడుగోళ్లకు ఎలాగో తెలిసింది. ఆబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరగడమంటే ఇదే.

పొడుగోళ్ల సర్దారు సంగతి సూటిగా చెప్పాడు. గురువారం తన నలభై వేల మందిని పెంకోళ్ల చందమామ మీద దింపి రావాలి. అంతవరకు ఒకరు జమానతుగా, అంటే తాకట్టుగా, ఓడలో ఉండాలి, లేకపోతే ఊరు బూడిదే. ఎల్లం నోరు తెరిచేలోపు రాజమణి కొంగు దోపుకుంది.

"నేనొస్త" అంది. ఎల్లం ముఖం చూసి, "గట్ల చూస్తవేందయ్యా. మూడు దినాలే గద" అంది.

మూడు దినాలూ అతనికి తిండి సయించలేదు. ఆమెను ఏ చీకటి గదిలో పెట్టారో, నీళ్లిచ్చారో లేదో. గురువారం పొద్దున నలభై వేల మంది ఆటో ఎక్కారు. డ్రైవరు సీటులో ఎడమ పక్కన జానెడు చోటు ఎప్పుడూ రాజమణిది. ఒక పొడుగోడు అక్కడ కూర్చోబోతే ఎల్లం కసిరాడు.

"గది మా ఇంటామె జాగ. ఎన్కకు పో."

రోజీ టీచరు అతని వెనక కూర్చుంది. ఓడ నుంచి ఒక వెలుగు దారి పరుచుకుంది, ఆటో దాని మీద పైకెక్కింది. మెదక్ కింద ఎక్కడో చుక్కయిపోయింది. యుద్ధం ఎవరిదో, న్యాయం ఎటుందో ఎల్లం ఆలోచించలేదు. వీళ్లను దింపాలి, పెళ్లాన్ని తెచ్చుకోవాలి, అంతే అతని లెక్క.

"పెంకోళ్లు చేతులెత్తిన్రంటే కాలుస్తరన్నట్టు" అని సర్దారు ముందే హెచ్చరించి పంపాడు. చందమామ చేరేసరికి బూడిద నేల మీద పెంకోళ్లు బారులు తీరి ఉన్నారు. వేలాది చేతులు ఒక్కసారి పైకి లేచాయి. కాలుస్తారని ఎల్లంకు తెలుసు. గేరు మార్చి దూసుకుపోవాలని కూడా తెలుసు. కానీ ఆ తెలివి తలలో ఉంది, ఇరవై ఏళ్ల అలవాటు కాలిలో ఉంది. బ్రేకు పడింది, నోరు కూడా ఊరుకోలేదు.

"రండ్రి, రండ్రి. జాగ ఉంది. జర జరుగుండ్రి."

రోజీ ఉంది గనుక ఆ మాట ప్రతి పెంకోడికీ తెలిసింది. మూడు వందల ఏళ్లలో వాళ్లను ఎవరూ వచ్చి కూర్చోమనలేదు. ముందు వరసలోని ముసలి సిపాయి చెయ్యి దించి, ఒక్కొక్క కాలే మోపుతూ ఆటో ఎక్కాడు. వెనకవాళ్లు అతని వెంట ఎక్కారు, వాళ్లూ నలభై వేల మందే. లోపలి పొడుగోళ్లు దిగుదామంటే అంచు నిండా పెంకోళ్లు, తుపాకీ తీద్దామంటే మోచెయ్యి కదలదు.

తానేం చేశాడో ఎల్లంకు అప్పుడు అర్థమైంది. ఇక రాజమణిని వాళ్లు బతకనిస్తారా? ఎటు పోవాలో తెలియని మనిషి ఇంటికే పోతాడు. ఎల్లం బండి మళ్లించాడు.

మెదక్ రాందాస్ చౌరస్తాలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఓడలోంచి సర్దారు గొంతు ఊరంతా మోగింది.

"ఆపు. మా ఫౌజును దించు. దించినంకనే నీ భార్యను పంపుత."

"ఆమె ఎక్కినంకనే దించుత" అన్నాడు ఎల్లం.

సర్దారు ఒప్పుకోలేదు. ఎల్లం ఆపలేదు. చౌరస్తా నుంచి బస్టాండు, బస్టాండు నుంచి దవాఖాన, దవాఖాన నుంచి చర్చి, మళ్లీ చౌరస్తా. రెండు ఫౌజులను కడుపులో పెట్టుకుని ఆటో తిరుగుతూనే ఉంది. దవాఖాన ముందు మందుల సంచీతో జకరయ్య తాత చెయ్యెత్తాడు. ఎల్లం దాటిపోయాడు. పళ్లు బిగించి, కాలిని బ్రేకుకు దూరంగా లాక్కుని మరీ దాటిపోయాడు.

"ఏమైందిరా ఎల్లా, కండ్లు నెత్తికెక్కినయా?" అని తాత కేక వెనక నుంచి వినిపించింది. ఎల్లంకు నిజంగానే ఏడుపొచ్చింది.

గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. డీజిలు ముల్లు కిందికి జారుతోంది. లోపల సణుగుడు మొదలైంది.

"జర కాలు తియ్యి తమ్మీ."

"యాడికి తియ్యాలె? నాకు ఆరున్నయ్."

"నాకున్న మూడే సచ్చుబడ్డయ్."

చివరికి ఎనభై వేల గొంతులు ఒక్కటై అరిచాయి. "సర్దారు సాబ్, ఆమెను ఇచ్చెయ్యుండ్రి. మా కాళ్లు పోయినయ్." మూడు వందల ఏళ్లలో రెండు రాజ్యాలూ ఏకమైన మొదటి మాట అది. సర్దారు ఎంత మొండివాడైనా సొంత ఫౌజు ఏడుపు వినక తప్పలేదు. రాజమణిని చర్చి గేటు దగ్గర దించాడు. ఆ వెంటనే తన వాళ్లకు ఇంకో మాట కూడా చెప్పాడు. అది విన్న రోజీ టీచరు ఎల్లం భుజం గట్టిగా పట్టుకుంది.

"అన్నా, నేల మీద కాలు పెట్టంగనే పెంకోళ్లను కాల్చుమంటుండు. గిది బడి ఇడిసే యాళ్ల. ఆపకన్నా."

చర్చి గేటు కనిపించింది. పక్కనే ఉన్న బడి వదిలారు, రోడ్డు నిండా పిల్లలే. వాళ్ల మధ్యలో రాజమణి నలిగిన చీరతో, చెదిరిన జుట్టుతో నిలబడి ఉంది. బతికే ఉంది. ఆమె ఆటోలోని తుపాకులను చూసింది, పక్కనున్న పిల్లలను చూసింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

చెయ్యెత్తితే అతను ఆగిపోతాడని ఆమెకు తెలుసు.

ఎల్లం ఆమెను దాటిపోయాడు. ఇరవై ఏళ్లలో అంత బరువైన బండి అతనెప్పుడూ నడపలేదు. చౌరస్తా ఎప్పుడొచ్చిందో, బస్టాండు ఎప్పుడు దాటాడో తెలియలేదు. ఈ చుట్టు పూర్తయ్యేలోపు సర్దారు మనసు మార్చుకుంటే? ఆమెను మళ్లీ పైకి లాక్కుంటే? ముల్లు అడుగుకు తగిలింది. ఇంజను రెండుసార్లు దగ్గింది.

మళ్లీ గేటు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు మీద ఒక్క పిల్ల కూడా లేదు. ఆ పది నిమిషాల్లో రాజమణి అందరినీ అదిలించి బడి గోడ అవతలికి తోలేసింది. ఒంటరిగా రోడ్డు మధ్యలో నిలబడి, ఇప్పుడు చెయ్యెత్తింది.

గోడ అవతల పిల్లలున్నారు, చుట్టూ ఊరుంది. ఎల్లంకు అన్నీ గుర్తున్నాయి. అయినా బ్రేకు తొక్కాడు.

పెంకోళ్లు దిగారు, వాళ్ల వెనక పొడుగోళ్లు దిగారు. చర్చి మైదానం నిండి రోడ్డు నిండింది. "కొట్టుండ్రి" అని పైనుంచి సర్దారు అరిచాడు. ఒక పొడుగోడు తుపాకీ ఎత్తబోయి, ఒక అడుగు వేసి, పక్కకు ఒరిగాడు. పడిపోకుండా దొరికినదాన్ని పట్టుకున్నాడు. దొరికింది ముసలి పెంకోడి చిప్ప. ఆ ముసలోడివి ఆరు కాళ్లూ తిమ్మిరే, అతను పొడుగోడి నడుముకు వేలాడాడు. ఎటు చూసినా అదే వరస. ఎనభై వేల మంది ఒకరినొకరు పట్టుకుని, మొఖాలు చిట్లించి, నేలను తపతప తొక్కుతున్నారు.

"నిమ్మలంగ. ముందుగాల మడిమెలు ఆడించుండ్రి" అంటూ రోజీ టీచరు కూడా కుంటుతూ వాళ్ల మధ్యకు పోయింది. సర్దారు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. తిమ్మిరి దిగాక వీళ్లేం చేస్తారో ఎల్లంకు తెలియదు. లేచి రాజమణి దగ్గరికి ఉరుకుదామంటే అతని కాళ్లూ లేవలేదు, పొద్దుటి నుంచి ఆ సీటులోనే ఉన్నాయి మరి.

రాజమణే వచ్చింది. జానెడు చోటులో ఎప్పటిలా ఒదిగి కూర్చుని, ఎదురుగా కుంటుతున్న రెండు సామ్రాజ్యాలనూ ఒకసారి చూసింది.

"చెప్తనే ఉంటి గద" అంది. అంతవరకే నవ్వగలిగింది. తర్వాత హ్యాండిల్ మీదున్న అతని ఎడమ చేతిని పట్టుకుంది.

"ఇగ ఇంటికి పోదాం పా."

"చెయ్యి ఇడుస్తనే గదనే గేరు పడేది" అన్నాడు ఎల్లం.

"జర ఆగు" అంది రాజమణి. చెయ్యి మాత్రం వదల్లేదు.