మట్టి నత్తగుల్ల

కాలేజీ గ్యాలరీలో కుర్చీ మీద కూర్చోవడం తప్ప పిచ్చుకకు పనేమీ లేదని ఇంట్లోవాళ్లు అనుకునేవారు. భయంభయంగా కూర్చోవడం ఎంత పెద్ద పనో ఆమెకే తెలుసు. సన్నగా, బెదురు చూపులతో ఉంటుందని స్నేహితులు పెట్టిన పేరు పిచ్చుక. మధ్యాహ్నాలు క్లాసులయ్యాక అక్కడ కాపలా ఉండేది. ఎవరైనా బొమ్మకు దగ్గరగా వేలు చాపితే చాలు, ఆమె కుర్చీలోంచి సగం లేచేది. "గీత పడిందా, నీ పని సరి" అని గ్యాలరీ చూసుకునే మేడమ్ మొదటిరోజే చెప్పింది.

ఒకరోజు పిచ్చుక అక్క తన వాచిన చెంప పట్టుకుని, నాలుగేళ్ల కూతురిని ఈడ్చుకుంటూ వచ్చింది.

"పన్ను పీకించుకుని వచ్చేస్తానే. దీన్ని అక్కడికి తీసుకెళ్తే డాక్టరుకే ఏడుపొస్తుంది."

"అక్కా, ఇక్కడ పిల్లల్ని ఒంటరిగా ఉంచకూడదే."

"ఒంటరిగా ఎందుకుంటుంది? నువ్వున్నావుగా!" అని అక్క వెళ్లిపోయింది.

పొట్టిగా, గుండ్రంగా ఉండే ఆ పిల్లను ఇంట్లో అందరూ బుడంకాయ అంటారు. కాసేపు కుర్చీ కింద బుద్ధిగానే కూర్చుంది. ఇంతలో ఒక పెద్దాయన వచ్చి, ఫలానా బొమ్మ తలకిందులుగా తగిలించారేమోనని అడిగాడు. పిచ్చుక ఆయనతో రెండు మాటలు మాట్లాడి వెనక్కి తిరిగేసరికి, కుర్చీ కింద ఒంటి చెప్పు ఉంది. పిల్ల లేదు.

తెర వెనక వెతికింది. సామాన్ల గదిలో, బాత్రూములో చూసింది. అప్పుడు కనిపించింది, ఓరగా తెరిచి ఉన్న అద్దాల తలుపు. బయట రోడ్డు. లారీలు.

"చిన్నపిల్ల ఇటు వచ్చిందా?" అని వాచ్‌మన్‌ని అరిచినట్టే అడిగింది.

"నా కన్ను కప్పి చీమ కూడా పోదమ్మా" అన్నాడాయన, అప్పుడే కళ్లు నులుముకుంటూ.

ఆ కళ్లు చూసి ఆమెకు ఇంకా భయమేసింది. రోడ్డు చివరిదాకా పరిగెత్తి, ఎవరూ కనపడక, ఏడుస్తూ వెనక్కి వచ్చింది. గ్యాలరీలో అడుగుపెట్టగానే సన్నటి దగ్గు వినబడింది. నూతిలోంచి వచ్చినట్టుంది.

గది మధ్యలో మట్టన్న చేసిన నత్తగుల్ల ఉంది. మనిషెత్తు. ఇంకా కాల్చని పచ్చిమట్టి. నేల దగ్గర నోరు, అక్కడినుంచి లోపలికి పోనుపోను సన్నబడే మెలికల దారి. ఆఖరి ఏడాది చదివే మట్టన్న మూడు నెలలు దాంతోనే బతికాడు. మర్నాడే పరీక్ష పెట్టేవాళ్లు దాన్ని చూడ్డానికి వస్తున్నారు.

పిచ్చుక భుజందాకా చెయ్యి దూర్చింది. వేళ్లకు చిన్న మడమ తగిలింది.

"పిన్నీ," అంది లోపలి గొంతు, "ఇది నన్ను పట్టుకుంది."

ఆమె మడమ పట్టుకుని లాగింది. పిల్ల కెవ్వుమంది. గుల్ల మీద వెంట్రుకంత పగులు పాకింది, పెచ్చు ఊడి కింద పడింది. మొత్తం పిల్ల మీద కూలిపోతే? మడమ వదిలేసి పక్కగదిలో ఉన్న మట్టన్న దగ్గరికి పరిగెత్తింది. అతని కోపానికి కాలేజీ అంతా హడలిపోతుంది. కొడతాడనే అనుకుంది. సంగతి వినగానే అతను రెండడుగుల్లో గుల్ల దగ్గరికి చేరాడు.

"లాగావా?"

"లాగానన్నా."

"ఇంక లాగకు. లోపల ఇనపతీగ ఉంది. చివర్లు వంచకుండా వదిలేశాను, ఎవరు దూరతారులే అని." అతని మొహం పాలిపోయింది. "బయటినుంచి పగలగొట్టాలి. తల ఎటుందో తెలియకుండా సుత్తి ఎలా వెయ్యను? మాట్లాడించు."

"బుడంకాయా!"

గుల్లకు చెవి ఆనించింది.

"అమ్మలూ, పలకవే. పిన్నినే."

ఉలుకూ పలుకూ లేదు. దగ్గు కూడా ఆగిపోయింది. అక్కకు ఏం చెప్పాలి? ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? గుల్ల నోట్లోకి వంగి అంది:

"సరే అయితే. నీ చెప్పు నేనేసుకుంటున్నా."

"నాది!" అని గుల్ల పైభాగం నుంచి ఏడుపు లేచింది.

మట్టన్న కింది వైపు సుత్తి వేశాడు. మూడు నెలల పని పెళ్లలు పెళ్లలుగా రాలింది. గౌను తీగకు చిక్కుకుని ఉంది. గుడ్డ కత్తిరించి, తలను అరచేత్తో కాస్తూ పిల్లను బయటికి తీశాడు. తొడమీద నెత్తురు గీత తప్ప, ఒళ్లంతా మట్టే.

చప్పుడుకు మేడమ్ పరిగెత్తుకొచ్చింది.

"నేనే పగలగొట్టాను" అన్నాడు మట్టన్న.

"మా అక్క కూతురు మేడమ్. నేనే ఉంచాను" అంది పిచ్చుక.

మేడమ్ శిథిలాన్ని చూసింది, పిల్ల తొడ చూసింది. "ముందు సూది వేయించండి" అంది. గుమ్మం దగ్గర పిచ్చుకను మళ్లీ పిలిచి, "నువ్వు రేపటినుంచి రావద్దు" అంది.

అక్క నోటినిండా దూదితో ఆస్పత్రికి వచ్చింది. తిట్టడానికి నోరు లేదు. పిల్లను ఒక చేత్తో గుండెకు అదుముకుని, రెండో చేత్తో చెల్లెలి జడ గట్టిగా పట్టుకుంది. కొట్టడానికో, వదలకుండా ఉండడానికో ఇద్దరికీ తెలియలేదు.

మట్టన్నకు మళ్లీ చెయ్యడానికి గడువిచ్చారు. పిలవకపోయినా పిచ్చుక రోజూ అతని దగ్గరికి వెళ్లి మట్టి పిసికింది. కొత్త గుల్ల లేచాక ఒకరోజు అతను, "నా చెయ్యి పట్టడం లేదు. లోపల తీగ తగులుతోందేమో చూడు" అన్నాడు.

ఆమె మోచేతిదాకా దూర్చింది. అక్కడ వేళ్లు కొయ్యబారాయి. లోపల చల్లగా ఉంది. చటుక్కున చెయ్యి లాక్కుంది.

"తగల్లేదు" అంది.

చివరిదాకా పోలేదని అతనికీ తెలుసు. లైటు తీసుకుని, నేలమీద బోర్లా పడుకుని, తనే లోపలికి తొంగిచూశాడు.