మిగిలిపోయిన చెంప

తోలుపట్టీ మీద కత్తిని నాలుగుసార్లు అటూ ఇటూ నూరి, కుళ్ళాయప్ప గిరాకీ చెంపకు సబ్బు పట్టించాడు. సోమందేపల్లె రోడ్డుపక్కన రేకుల కొట్టు అతనిది. ఒక కుర్చీ, అంచులు పెచ్చులూడిన అద్దం, ఇత్తడి గిన్నెలో నీళ్ళు. అరవై దగ్గర పడినా చేతివేళ్ళు సన్నగా, నిబ్బరంగా ఉంటాయి. కనుబొమ్మలు మాత్రం పూర్తిగా నెరిసి, ఎండలో రోడ్డుకేసి చూసినప్పుడు కళ్ళకు చూరు దించినట్టుంటాయి.

కుర్చీలో ఉన్నది ఎదురుగా టీకొట్టు నడిపే ఓబన్న.

"ఓడ కత చెప్పన్నా," అన్నాడు నురగలోంచి.

"ఎన్నిసార్లు ఇంటావప్పా?"

"నవ్వు వచ్చినన్నిసార్లు."

కుళ్ళాయప్ప గొంతు సవరించుకున్నాడు.

"పెద్ద యుద్ధంలో, నలభైమూడులో. బొంబాయి నుంచి ఏడు ఓడలు వరసగా పోతాండాయి. పక్కన రెండు యుద్ధపు ఓడలు కాపలా. మాది సరుకు ఓడ. అడుగున కంచరగాడిదలకు గడ్డిమోపులు, బియ్యం మూటలు. వాటి మీద పలకలు పరిచి సిపాయిల్ని పండబెట్టినారు. నేను దండుకు మంగలి. ఐదోనాడు పొద్దున ఒక హవల్దారుకు గడ్డం చేస్తాండా. కుడిచెంప అయిపోయింది. ఎడమచెంపకు కత్తి పెట్టినానో లేదో, ఢాం! నీళ్ళ కింద పోయే ఓడ కొట్టింది. కత్తి యాడ పడిందో, హవల్దారు యాడ పడినాడో. మిగతా ఓడలు ఆగలేదు. ఆగితే వాటినీ కొడతారని హుకుం. నన్ను ఎవరో పడవలోకి లాగినారు. సాయంత్రం కాపలా ఓడొకటి తిరిగొచ్చి ఎత్తుకొనింది. పాపం ఆ హవల్దారు సగం గడ్డంతోనే యముని కాడికి పోయింటాడు. ఆయప్పను యముడు గుర్తుపట్టినాడో లేదో!"

ఓబన్న పగలబడి నవ్వాడు.

"కదలొద్దప్పా, తెగుతాది."

ముప్పైఆరేళ్ళుగా ఆ కథ చెబుతూనే ఉన్నాడు. గడ్డం చేయించుకోవడానికి ఆగిన లారీ డ్రైవర్లు దాన్ని హిందూపురం నుంచి అనంతపురం దాకా మోసుకుపోయారు. కానీ రెండు సంగతులు అతను ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం రామాంజినమ్మకు కూడా.

ఒకటి, ఆ హవల్దారు తెలుగువాడు. సబ్బు రుద్దుతుంటే, "మాది కంబదూరు," అన్నాడు. రెండోది, ఓడెక్కింది మొదలు అందరూ నీళ్ళలో తేల్చే బెండు జాకెట్టు తొడుక్కునే ఉండాలని ఆర్డరు. "తీసెయ్యి సాబ్, సబ్బంతా అంటుకుంటాది," అని దాన్ని విప్పించింది కుళ్ళాయప్పే.

కంబదూరు ఎంతో దూరం లేదు. పెనుకొండ పోయి రెండు బస్సులు మారితే చాలు. ఒక్కసారీ పోలేదు. పోతే ఏ ఇంటి ముందు నిలబడాలో, ఆ ఇంట్లో ఎవరి నుదురు బోసిగా కనిపిస్తుందో అని భయం. ఆ ఊరి పేరు వినిపిస్తే చాలు, పనున్నట్టు లేచిపోయేవాడు.

ఓబన్న వెళ్ళిన కాసేపటికి పెనుకొండ బస్సులోంచి ఒక ముసలాయన దిగాడు. పొడుగాటి మనిషి, నేరుగా వచ్చి, కళ్ళజోడు తీసి అద్దం కింది చెక్క మీద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. కుడిచెంప నున్నగా ఉంది. ఎడమచెంప మీద వారం నాటి తెల్లటి గడ్డం.

"ఎడమది ఒకటే చెయ్యప్పా."

"అదేందన్నా? ఒక చెంపకేనా?" అంటూనే కుళ్ళాయప్ప ఆ చెంపకు సబ్బు పట్టించాడు.

"కుడిది నువ్వు ఎప్పుడో చేసినావు కదప్పా."

కుళ్ళాయప్ప చేతిలోని కుంచె గిన్నెలో పడింది. అద్దంలోకి చూశాడు. ముడతలు, వాలిన కనురెప్పలు. వాటి వెనక తను సబ్బు రుద్దిన ముఖమే.

"మా ఊర్లో ఒక లారీ డ్రైవరు టీ తాగుతా నీ ఓడ కత చెప్పినాడు," అన్నాడు ఆయన, నవ్వు ఆపుకుంటూ. "గంగాధరప్పను నేను. యముడు నన్ను గుర్తుపట్టలా, ఎనక్కి పంపినాడు!"

కుళ్ళాయప్ప నవ్వలేదు. కుర్చీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"సాబ్, ఆ జాకెట్టు... నేనే ఇప్పమంటి."

"ఓ, అదా! మెడకాడ ఒరుసుకోని పుండు పడింటే, ఎప్పుడు ఇప్పుదామా అని చూస్తాంటి. నువ్వు అనకున్నా ఇప్పేవాణ్ణే. నీళ్ళలో గడ్డిమోపు ఒకటి తేలుతా వచ్చింది. దాని మీద పెండ్లికొడుకు మాదిరి కూర్చుంటి. రెండో కాపలా ఓడోళ్ళు తాడేసి లాగి, నా మొగం చూసి ఒకటే నవ్వు. అందాకా ఏడ్చినోణ్ణి, నేనూ నవ్వితి. నీ మీదే నాకు దిగులుండె అప్పా. కత్తి పట్టుకొనే మునిగినాడేమో అనుకొంటి."

కుళ్ళాయప్ప తుండుతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. మొదట ఏడుపే. కాసేపటికి అది నవ్వుగా మారి, రోడ్డవతల ఓబన్నకు కూడా వినిపించింది.

సంగటి గిన్నె తెచ్చిన రామాంజినమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. మొగుడి వంక, ఒక పక్క నురగతో ఉన్న చుట్టం వంక చూసింది.

"ఒక గడ్డం చేసేదానికి ముప్పైఆరేండ్లా! ఇట్లయితే గిరాకీ ఏం నిలుస్తాది?" అని, తర్వాత మెల్లగా అడిగింది. "జాకెట్టు మాట నాకెందుకు చెప్పలే?"

"ఆ మాట చెప్తే ఎవురికీ నవ్వు రాదు."

ఎడమచెంప పూర్తయింది. ఇంత నిదానంగా కుళ్ళాయప్ప ఏ పెళ్ళికొడుక్కీ చేసి ఉండడు. ముగ్గురూ కొట్టులోనే నేల మీద కూర్చుని రాగిసంగటి, శెనక్కాయల ఊరుబిండి పచ్చడి తిన్నారు. ఆ ఓడలో చనిపోయినవాళ్ళలో తెలిసిన పేర్లు గంగాధరప్ప చెబుతుంటే, కుళ్ళాయప్ప తనకు గుర్తున్నవి కలిపాడు. ఒక్కో పేరు దగ్గర కాసేపు చేతులు ఆగాయి. మళ్ళీ నవ్వుకున్నారు.

నాలుగు గంటల బస్సు హారన్ కొడితే గంగాధరప్ప హడావిడిగా లేచాడు.

"శెనక్కాయ పంట పీకేటప్పుడు కంబదూరుకు రాప్పా. ఇద్దరూ రండి."

"వస్తాం సాబ్. మా పెండ్లాం మీద ఒట్టు."

"నా మీద ఎందుకు? నీ కత్తి మీద పెట్టుకో," అంది రామాంజినమ్మ.

బస్సు మలుపు తిరిగేదాకా కుళ్ళాయప్ప రోడ్డు మీదే చెయ్యెత్తి నిలబడ్డాడు. తిరిగొచ్చి, రాలిన వెంట్రుకలు ఊడుస్తూ తలెత్తాడు.

అద్దం కింది చెక్క మీద, గడ్డానికని తీసి పెట్టిన గంగాధరప్ప కళ్ళజోడు, కాళ్ళు చాపుకుని రోడ్డుకేసి చూస్తూ ఉంది.