మొదటి నీళ్ళు

యూజు పళ్ళు కడిగి బుట్టలో పెట్టాను. మా పెరటి చెట్టువే. ముళ్ళు గీరుకుని ముంజేతులు మండుతున్నాయి. ఏడాదిలో అతి చిన్న పగలు ఇవాళ. ఇవాళ ఈ నిమ్మజాతి పళ్ళు వేసిన వేడినీళ్ళ తొట్టిలో మునిగితే చలికాలమంతా జలుబు రాదంటారు మా ఊళ్ళో. ఒకే తొట్టి, ఇంటిల్లిపాదికీ అవే నీళ్ళు. ముందు మా ఆయన యోషిహరు, తర్వాత అత్తయ్య, గిన్నెలు కడుక్కున్నాక నేను. ఇరవై ఆరేళ్ళుగా పళ్ళు కోసేది నేను, తొట్టి తోమేది నేను. నా వంతుకు మిగిలేది నలిగిన తొక్కలు, గోరువెచ్చటి నీళ్ళ అడుగున గింజలు. ఒకసారి ఆ మాటే అన్నాను. "వాసన ఉందిగా ఇంకా, ఏం పోయింది?" అన్నాడాయన టీవీ మీంచి చూపు తిప్పకుండా. "కొత్త నీళ్ళు ఆడవాళ్ళ ఒంటికి గరుకమ్మా" అని సర్దిచెప్పింది అత్తయ్య. గరుకో కాదో నాకెలా తెలుస్తుంది?

మూడింటికి తొట్టి నిండింది. పళ్ళు వదిలితే బుడుంగున మునిగి, పసుప్పచ్చగా పైకి తేలాయి. ఇక మూత వేసి వంటింట్లోకి వెళ్ళాలి. గుమ్మడికాయ కోసి ఉంచాను, ఉడికించాలి. కానీ ఆవిరితో పాటు ఆ వాసన లేచేసరికి నా చేతులు ఏప్రన్ ముడి విప్పేశాయి.

తొట్టి బయటే ఒళ్ళు రుద్ది కడుక్కుని దిగాను. నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. ఒక పండు నా భుజానికి తగిలి, పలకరించినట్టు పక్కకు జరిగింది. గట్టిగా నవ్వేశాను.

తలుపవతల అత్తయ్య చేతికర్ర చప్పుడు ఆగింది.

"ఫుమియే, లోపల నువ్వేనా?"

"నేనే అత్తయ్యా."

"వాడింకా రాలేదుగా!"

"రాలేదు. నేనే ముందు దిగాను."

తువ్వాలు కోసం సగం లేచాను. చలి గాలి తగిలింది. ఎందుకు లేవాలి? మళ్ళీ గడ్డం దాకా మునిగాను.

"గరుగ్గా ఉన్నాయా?" గొంతు తగ్గించి అడిగింది అత్తయ్య.

"లేదత్తయ్యా. పట్టులా ఉన్నాయి."

"అయితే మా అత్త నాకు చెప్పింది అబద్ధమన్నమాట!" తలుపు పక్కకు జరిగింది. ఎనభై రెండేళ్ళ మనిషి, అప్పుడే స్వెట్టర్ గుండీలు విప్పుకుంటోంది. "జరుగు, చల్లారిపోతాయి."

ఇద్దరం మోకాళ్ళు మడుచుకుని ఇరుక్కున్నాం. నీళ్ళు పొర్లి, రెండు పళ్ళు గచ్చు మీదికి దొర్లాయి. "ఒకటి పిండనా?" అంది, చిన్నపిల్లలా. పిండితే రసం చిమ్మి నా కంట్లో పడింది. ఇద్దరికీ నవ్వాగలేదు.

వీధి తలుపు చప్పుడైంది. "నీళ్ళు కాగాయా?"

"కాగాయిరా! మేమిద్దరం ఉన్నాం, ఆగు" అని కేకేసింది అత్తయ్య.

ఆయన అడుగులు తలుపవతలే ఆగాయి. "మరి పళ్ళు?"

"వాసన ఉంటుందిగా ఇంకా," అన్నాను నేను. "ఈలోగా గుమ్మడికాయ పొయ్యెక్కించండి."