బెజ్జం లేని గడియ

జూలై పదకొండు. ఆ పొద్దున వడ్రంగి రెండు అరటిపళ్లు తిని హైకోర్టు మెట్లెక్కాడు. మూడోది జేబులో పెట్టుకున్నాడు, జైల్లో ఉన్న తమ్ముడికి అందదని తెలిసీ.

తమ్ముడు ఒక గోదాముకి కాపలాదారు. గోదాము అంటుకుని, పొగలో కూలీ ఒకడు చనిపోయాడు. బయట గడియ పెట్టింది తమ్ముడేనని కింది కోర్టు ఏడేళ్లు వేసింది. ఆ తలుపు చేసింది వడ్రంగే. గడియ బిగించాడు గాని, అది దూరడానికి గుమ్మానికి బెజ్జం వేయలేదు. "తర్వాత చూద్దాంలే" అన్నాడు యజమాని. ఆ తర్వాత అనేది రానేలేదు. దూరే చోటు లేని గడియని ఎవడు మాత్రం ఎలా పెడతాడు?

"ఆ ఒక్క ముక్క జడ్జిగారి చెవిన వేయండి బాబూ," అని వరండాలో పెద్ద లాయరుని బతిమాలాడు.

"అంతా రాసిచ్చాం. నాలుగువందల పన్నెండో పేజీ."

"చదువుతారంటారా?"

"నీకు రంపం పట్టడం నేను నేర్పానా?"

లోపల వంతు వచ్చింది. పెద్ద లాయరు లేచి, "రాతపూర్వకంగా సమర్పించాం మైలార్డ్, దానికే కట్టుబడి ఉన్నాం," అని కూర్చున్నాడు. జడ్జి తేలిగ్గా ఊపిరి పీల్చుకుని పెన్ను తీశాడు.

వడ్రంగికి ఒళ్లు మండిపోయింది. ఏడేళ్ల జైలుకి ఆరు మాటలు! నోరు తెరిస్తే తనని బయటికి గెంటేస్తారు. మూసుకుంటే తమ్ముడు లోపలే ఉంటాడు. లేవబోయాడు.

అంతలో పెద్ద లాయరు వెనకనించి జూనియరమ్మ లేచింది.

"ఒక్క నిమిషం మైలార్డ్. తలుపుకి గడియ ఉంది. అది దూరే బెజ్జమేదీ?"

పెద్ద లాయరు ఆమె కోటు అంచు పట్టి లాగాడు. ఆమె కూర్చోలేదు.

జడ్జి పెన్ను ఆగింది. "గుమ్మం ఫొటో ఉందా?"

"ఆరువందల ముప్పయ్యో పేజీ."

జడ్జి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఈ సంగతి చెప్పడానికి ఇంతసేపా?" అని కసిరాడు. "గురువారం వింటాను. నోటితో చెప్పండి. ఈవిడే చెప్పాలి."

వరండాలో వడ్రంగి పెద్ద లాయరుకి అడ్డంగా నిలబడ్డాడు. "రంపం పట్టడం మీరు నాకు నేర్పలేదు బాబూ. నోరు తెరవడం మాత్రం ఈ తల్లి దగ్గర నేర్చుకోండి." జూనియరమ్మ చేతిలో మూడో అరటిపండు పెట్టాడు.

ఇంటికి వచ్చినా కోపం చల్లారలేదు. ఆ అమ్మాయి లేవకపోయి ఉంటే?

"గురువారం వింటారట," అన్నాడు తమ్ముడి భార్యతో.

"మరి ఇన్నాళ్లూ ఏం చేశారు బావగారూ?"

ఆమె పడుకున్నాక వడ్రంగి తలుపు దగ్గరికి వేసి, గడియని బెజ్జంలోకి చప్పుడు కాకుండా తోశాడు.