అంకెలు ఎటు చూడాలి

వ్యాపారంలో నేను మొదట నేర్చుకున్నది ఒకటే. సరుకు తీసుకునేవాడూ, డబ్బు ఇచ్చేవాడూ ఎప్పుడూ ఒకే మనిషి కాదు. పిల్లవాడికి చెప్పులు అమ్మాలంటే తండ్రి ముఖం చూడాలి. కామారెడ్డిలో రేడియోలు, గడియారాలు అమ్మినన్నాళ్లూ ఈ లెక్క నాకు అన్నం పెట్టింది. తొంభై నాలుగులో ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా ఎస్టీడీ, ఐఎస్డీ బూత్ తెరిచాక దాని అవసరం ఉండదనుకున్నాను. ఫోనులో మాట్లాడేది ఒకరు, ఇచ్చేదీ వాళ్లే కదా.

బూత్ అంటే ఒక చిన్న దుకాణం మడిగె, అందులో ఒక మూల అద్దాల గది, గదిలో ఫోను. బిల్లు మీటరు నా బల్ల మీద నా వైపు తిరిగి ఉండేది. లోపల మాట్లాడేవాళ్లకు ఎంతైందో తెలిసేది కాదు. బయటికి వచ్చాక నేను చెప్పిందే లెక్క. అందుకని రోజూ ఒక పంచాయితీ. బొంబాయి దగ్గర భీవండి మగ్గాల మీద పనిచేసే కొడుక్కు ఫోన్ చేసిన ప్రతిసారీ పోచయ్య తగాదా పెట్టుకునేవాడు.

"గింతైతదా? నేను రెండే మాటలు మాట్లాడిన."

రెండే మాటలు, నిజమే. కాని ఒక్కో మాటనూ ఫోను అక్కర లేకుండానే భీవండిలో వినబడేట్టు మూడేసి సార్లు అరిచేవాడు.

ఆ వానాకాలంలో హైదరాబాదు కంపెనీ ఒకటి కొత్త రకం మీటరు తయారు చేసి, పరీక్షకు నా బూత్‌ను ఎంచుకుంది. మంచిదని తేలితే బాన్సువాడ దాకా ఏజెన్సీ నాకే ఇస్తామన్నారు. మీటరుతోపాటు ఒక మనిషిని పంపారు. పేరు బాలమల్లు. బీర్కూరు రైతు కొడుకు. బొమ్మలు గీసే కాలేజీలో చదివి, యంత్రాలకు రూపం గీసే పనిలో చేరాడట. కామారెడ్డిలో అతన్ని కలుసుకుని ఇద్దరం ఒకే బస్సెక్కాం. మీటరు పెట్టెను ఒళ్లో పసిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకున్నాడు.

"ఇంతకు నీ పని ఏంది?" అని అడిగాను.

"మనిషి మిషన్ ముందట నిలబడ్డప్పుడు ఏడ తడబడుతడో చూసుడు. చూసి మిషన్‌ను మార్చుడు."

"మనిషిని మార్చవా?"

"అది కంపెనీతోని అయ్యే పని కాదు ఖుద్దూస్ భాయ్."

"గీ చూసుడుకు జీతమిస్తరా?"

"ఇస్తరు."

"మేము తాతల కాలం సంది గల్లాపెట్టె కాడ కూసొని గదే చేస్తున్నం. ఒక్కడన్న జీతమియ్యలే."

"మీకు లాభంల కలిసొస్తది. నాకు లాభం లేదు గదా, అందుకే జీతం" అని నవ్వాడు.

కొత్త మీటరుకు రెండు ముఖాలు. ఒకటి నా బల్ల మీద, రెండోది అద్దాల గదిలో ఫోనుకు సరిగ్గా పైన. బొటనవేలంత ఎర్ర అంకెలు. అక్షరం రానివాళ్లకు కూడా తెలిసిపోతుంది. వారం తిరిగేసరికి పంచాయితీలు ఆగిపోయాయి. పోచయ్య బయటికి వచ్చి, నోరెత్తకుండా ఇచ్చి వెళ్లాడు. బాలమల్లు ముఖం వెలిగిపోయింది. నా ముఖం అంత వెలగలేదు. తగాదా తగ్గడం లాభమే, కాదనను. కాని మాట కూడా తగ్గింది. లోపలికి వెళ్లినవాళ్ల చూపు అంకెల మీదే ఉండేది. అంకె దూకితే చాలు, "ఉంట మరి" అని పెట్టేసేవారు.

ప్రతి వారంలాగే శుక్రవారం లింగంపేట నుంచి ఖాజాబీ, ఆమె కోడలు హఫీజా వచ్చారు. ఖాజాబీ కొడుకు మజహర్ సౌదీలో, తబూక్ వైపు రోడ్డు పనిలో ఉన్నాడు. వాళ్ల క్యాంపు నుంచి బయటికి ఫోన్ చేసే వీలు లేదు. క్యాంటీన్ ఫోనుకు ఇక్కడి నుంచి చేస్తే, శుక్రవారం సెలవు కనుక పిలుస్తారు. అత్తాకోడళ్లిద్దరూ ఆ ఇరుకు గదిలోకి కలిసే వెళ్లేవారు. మొదట తల్లి మాట్లాడాలి, మిగిలింది భార్యది. మా వైపు అందరి ఇండ్లలోనూ అదే పద్ధతి.

ఆ రోజూ ఖాజాబీ మాట్లాడి, ఫోను కోడలికిచ్చి పక్కనే నిలబడింది. హఫీజా కళ్లెత్తి అంకెలను చూసింది.

"అంతా మంచిగనే ఉన్నది. మీరు పైలం" అని ఫోను పెట్టేసింది.

వాళ్లు వెళ్లాక బాలమల్లు తన కాగితాల మీద ఏదో రాసుకుని, "ఆమెకు చక్కగ అర్థమైంది. అంకె మారకముందే పెట్టేసింది" అన్నాడు.

"చక్కగనే అర్థమైంది. చాయ్ తాగొద్దాం రా" అన్నాను.

హఫీజా సంగతి నాకు నా భార్య అన్వరి బేగం ద్వారా తెలుసు. మజహర్ రెండేళ్ల ఒప్పందం అయిపోవచ్చింది. వచ్చే శనివారం పొద్దున అతను ఇంకో రెండేళ్లకు సంతకం పెట్టాలి, లేదా తిరుగు టికెట్టు తీసుకోవాలి. ఇంటికి స్లాబు పడేదాకా కొడుకు అక్కడే ఉండాలని ఖాజాబీ పట్టు. హఫీజాకు అతను రావాలని ఉంది. మజహర్ ఇక్కడ మంచి వడ్రంగి. తలుపూ దర్వాజా చేస్తే సందులో కాగితం కూడా దూరని పనితనం. అక్కడ కంకర పరుస్తున్నాడు. ఇంకో రెండేళ్లు పోతే చేతికి బాడిసె పట్టే అలవాటే పోతుందని ఆమె భయం. ఉత్తరాలు రాసి పంపడానికి ఆమెకు చదువు రాదు. ఉన్నది ఆ ఫోనొక్కటే. ఇదంతా హోటల్లో బాలమల్లుకు చెప్పాను.

"అయితే చెప్పొచ్చు గదా. మిషన్ ఆమె నోరు మూసిందా?"

"సరుకు జోకేటప్పుడు తరాజు చూపియ్యాలె, ఒప్పుకుంట. తినేటోని విస్తరి ముందట తరాజు పెడతమా?"

"దాచిపెట్టుమంటవా మరి?"

"నేను గట్లనలే."

"భాయ్, ఒక ముచ్చట చెప్త విను. మా బాపు మండీకి వడ్లు తెచ్చేటోడు. కాంటా ముల్లు వ్యాపారి దిక్కుండేది. బాపు ఎన్నడూ ముల్లు చూడలే. అవతలోడు చెప్పింది విని తలకాయ ఊపి ఇంటికొచ్చేటోడు. నేను గీ పనిల చేరింది గందుకే. ముల్లు అందరికీ కనబడాలె. జీతం తక్కువైనా సరే, కనబడకుండ చేసే పని మాత్రం నాతోని కాదు."

ముల్లు తమ వైపు తిప్పుకున్నవాళ్లలో మాలాంటి వ్యాపారులు తక్కువేం కాదు.

నా పాత లెక్క చెప్పాను. "కనబడాలె, సరే. ఎవలకు కనబడాలె? ఇచ్చేది ఖాజాబీ. మాట్లాడేది హఫీజా."

అతను గ్లాసు కింద పెట్టాడు. బల్ల మీద నీటితో గది గీశాడు, గది బయట బెంచీ గీశాడు. "మీటరు రెండో ముఖాన్ని గదిలకెళ్లి తీసి గిటు గోడకు కొట్టాలె. వైరు గింత పొడుగైతది. బయట కూసున్నోళ్లకు కనబడుతది, లోపలోళ్లకు కనబడది."

"ఖాజాబీ చేతికి కట్టె ఇచ్చినట్టే. అంకె దునికినప్పుడల్లా అద్దం కొడుతది."

"కొట్టనీ. కొట్టేది మనిషైతది. మిషన్‌తోని కొట్లాడలేం, మనిషితోని కొట్లాడొచ్చు."

ఆ వైరు ఖర్చు దండగని కంపెనీ తర్వాత ఆ పద్ధతి ఒప్పుకోలేదు. ఏజెన్సీ కూడా నాకు రాలేదు. అది వేరే లెక్క. నా బూత్‌లో మాత్రం ఎర్ర అంకెలు గది బయట బెంచీకి ఎదురుగా వచ్చాయి. ఇంకో నిజం కూడా చెప్పాలి. మజహర్ సంతకం పెడితే నాకు ఇంకో రెండేళ్ల శుక్రవారాలు. హఫీజా మాట నెగ్గితే ఆ బేరం పోతుంది. అది తెలిసే మేకు కొట్టించాను.

శుక్రవారం రానే వచ్చింది. ఖాజాబీ గడపలోనే ఆగి గోడ వైపు చూసింది.

"లోపలిది బయటికెందుకొచ్చింది ఖుద్దూస్ మియా?"

"గాలి కోసం ఖాలా."

"నేను లోపల మాట్లాడుతుంటె బయట అంకెలు ఎవరు చూస్తరు?"

"నేను చూస్త."

"గందుకే అడుగుతున్న" అని, కోడలి వైపు తిరిగింది. "నువ్వు బెంచీ మీద కూసో. కన్ను తియ్యకు. నేను మాట్లాడినంక నువ్వు పో, నేను చూస్త."

ఆ విధంగా అత్తాకోడళ్లు మొదటిసారి వేర్వేరయ్యారు. కోడలిని అలా బయట కూర్చోబెడుతుందని బాలమల్లూ నేనూ లెక్క వేయలేదు. మేము మీటరును మాత్రమే జరిపాం. గదిని ఖాళీ చేసింది ఖాజాబీ అనుమానం.

లైను కలిసింది. క్యాంటీన్ నుంచి మజహర్ వచ్చాడు. తలుపు సందులోంచి ఖాజాబీ గొంతు వినబడుతూనే ఉంది. ఇనుప సలాకలు వచ్చాయంది, సిమెంటు రావాలంది, సంతకం పెట్టు బిడ్డా అంది. ఎదురుగా అంకెలు లేకపోయేసరికి ఆమె మాటకు అడ్డం లేకుండా పోయింది. స్లాబు నుంచి మేకపిల్లల దగ్గరికి వచ్చింది. మేకపిల్లల నుంచి పక్కింటివాళ్ల గోడ దగ్గరికి వచ్చింది. బయట హఫీజా రెప్ప వేయకుండా గోడను చూస్తోంది. ఖాజాబీ కొంగున ముడి వేసుకుని తెచ్చేది ఎంతో కోడలికి తెలుసు. అంకె దూకిన కొద్దీ ఆ ముడిలో తన వంతు కరిగిపోతోంది.

బాలమల్లు ఆగలేకపోయాడు. "అద్దం తట్టమ్మా."

"అత్తను తట్టుడేందన్నా" అంది ఆమె మెల్లగా.

అతను గీసిన బొమ్మలో బయట కూర్చున్నవాళ్లు లోపలివాళ్లను తడతారు. బయట కోడలు, లోపల అత్త ఉంటే ఏమవుతుందో ఆ బొమ్మలో లేదు. నాకు తెలియాల్సింది. నాకూ తట్టలేదు.

ఖాజాబీ మాట్లాడే ప్రతి క్షణం నాకు ఆదాయమే. ఊరికే కూర్చుంటే చాలు. లేచి వెళ్లి అద్దం తట్టాను.

ఖాజాబీ ఫోను చేతిలో పట్టుకునే తలుపు తెరిచింది. "ఏంది?"

"కొంగుల ముడి యాదున్నదా ఖాలా? సగం దాటింది."

గోడ వైపు చూసి గతుక్కుమంది. "ఏ వ్యాపారన్న గిరాకిని ఆపుతడా? నీ మీటరు ఉరుకుతున్నది మియా. నేనే కూసొని చూస్త." ఫోను కోడలి చేతిలో పెట్టి, బెంచీ మీద మోకాళ్లు పట్టుకుని కూర్చుంది.

హఫీజా లోపలికి వెళ్లి తలుపు పూర్తిగా మూసుకుంది.

ఏం మాట్లాడిందో మాకు వినబడలేదు. మొదట అలవాటుగా ఫోను పైన చూసింది. అక్కడ మేకులు పీకిన గుర్తులే ఉన్నాయి. తర్వాత తల దించుకుని మాట్లాడింది. కాసేపు విన్నది. చెయ్యి ఊపింది. మళ్లీ మాట్లాడింది. గోడ మీద అంకెలు దూకుతూనే ఉన్నాయి. ఖాజాబీ లేచి అద్దాన్ని గట్టిగా కొట్టింది. హఫీజా తిరిగి చూసింది, అత్త ముఖం చూసింది. చూసి, వీపు ఇటు తిప్పి మాట్లాడసాగింది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి ఖాజాబీ కాసేపు నిలబడింది. ఇంకోసారి కొట్టలేదు. వచ్చి కూర్చుంది.

"ఇది ఇన్ని మాటలు ఎప్పుడు నేర్చింది?" అని నన్నే అడిగింది. నేను బిల్లు కాగితం సరిచేసుకుంటున్నట్టు నటించాను.

హఫీజా బయటికి వచ్చాక ఖాజాబీ, "ఏమన్నడు?" అంది.

"ఒక్క ఏడాదికే సంతకం పెడతడట. ఆడ ఒక్క ఏడాదికి సుత ఒప్పందం రాస్తరట."

"ఒక్క ఏడాదా? ఒక్క ఏడాది అని ఎవరన్నరు?"

"నేను వచ్చెయ్యమన్న. ఆయన రెండేండ్లన్నడు." హఫీజా అద్దాల గది తలుపు దగ్గరికి వేసింది. "ఇద్దరం అనుకున్నం అమ్మీ. వచ్చినంక ఈడనే ఎల్లారెడ్డిల వడ్రంగం దుకాణం పెడతడట."

కొంగు ముడి విప్పితే చాలలేదు. మిగిలింది హఫీజా తన బట్టలు కుట్టిన డబ్బులోంచి తీసి ఇచ్చింది. ఖాజాబీ బిల్లును గోడ మీది అంకెతో ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది.

బాలమల్లు కాగితాలు తీశాడు. "అమ్మా, ఒక్క మాట. అంకెలు లోపలుంటె మంచిగున్నదా, బయటుంటెనా?"

హఫీజా ఆలోచించి చెప్పింది. "బయట కూసున్నప్పుడు పానం పోయిందన్నా. లోపలికి పోయినంక యాదికే రాలే."

అతను రాసుకోబోయి, ఎటు రాయాలో తెలియక నా వైపు చూశాడు. "ఆమె చెప్పింది చెప్పినట్టే రాయి" అన్నాను.

బయట లింగంపేట ఆటో నిండిపోతోంది. ఖాజాబీ ముందు ఎక్కింది. జరిగి కోడలికి చోటిచ్చి, ఎటో చూస్తూ, "స్లాబు?" అంది.

"ముందటి అర్రకు ఏసుకుందాం అమ్మీ. ఏడాదిల గంతనే అయితది."

ఆటో కదిలింది. ఖాజాబీ ఏమన్నదో ఇంజను చప్పుడులో వినబడలేదు. హఫీజా మాత్రం ఏదో జవాబు చెబుతూనే ఉంది.