పంది సంవత్సరంలో పుట్టిన సదయో

ముడివేసిన సముద్రపు నాచు ఉడికేసరికి వంటగది కిటికీ అద్దాలన్నిటికీ చెమట పట్టింది. సదయో మోచేత్తో అద్దం తుడిచి వాకిట్లోకి చూసింది. గడప ముందు చెప్పుల వరస అంతకంతకూ పెరుగుతోంది. వాటిలో అతిథులవేవో, చుట్టాలవేవో చెప్పడం ఆమె వల్ల కూడా కాలేదు. తిథుల ప్రకారం మొదటి నెలలో పదహారో రోజు ఇక్కడ చనిపోయిన పెద్దల సంవత్సరాది, ఆ రోజు సమాధుల దగ్గరే భోజనాలు. ఆ పండక్కి పెద్ద దీవి నుంచి ఈ చిన్న దీవికి, ఈ బస నడిపే మియారా వాళ్ళ బంధువులు పడవ నిండా దిగుతారు. చెరుకు నరికే కూలీలూ, సముద్రం చూడటానికొచ్చిన వాళ్ళూ అప్పటికే గదులన్నీ నింపేసి ఉంటారు. పొద్దున ఒక పెద్దమనిషి ఇంటివాళ్ళ చాప మీద కూర్చుని తృప్తిగా తిని, లేచాక, తాను చివరి గదిలో దిగిన అతిథినని చెప్పి నమస్కారం పెట్టి వెళ్ళాడు. అప్పటిదాకా అందరూ ఆయన్ని బాబాయ్ అంటూనే ఉన్నారు.

సదయోకి ఆ ఇబ్బంది లేదు. అతిథులకి పొడుగు బల్ల, ఇంటివాళ్ళకి చాప. ఆమె పొయ్యి దగ్గర నిలబడి తింటుంది. నిలబడి తినేవాళ్ళని మీది ఏ పంక్తి అని ఎవరూ అడగరు.

పొట్టి మనిషి. ఎడమ బొటనవేలి మీద చెరుకు కత్తి గాటు ఇప్పటికీ తెల్లగా మెరుస్తూ ఉంటుంది. అతిథులు ఆమెని ఇంటావిడ అనుకుంటారు, బంధువులేమో సాయం చేస్తున్న అతిథి అనుకుంటారు. ఏది కాదనాలన్నా దాని బదులు ఏమని చెప్పాలో తెలియక ఆమె ఇద్దరికీ టీ పోస్తుంది.

ఎప్పుడో ఒక చలికాలం, ఉత్తరాన మంచు ప్రాంతం నుంచి చెరుకు నరకడానికి వచ్చింది. చెరుకు అయిపోయాక తోటి కూలీలు పడవెక్కారు. సరిగ్గా ఆ రోజే, అప్పట్లో ఈ బస నడిపిన నబె అవ్వకి నడుం పట్టేసింది. ఈ ఒక్క పూట వంట చూడమంది. ఆ పూట ఇంకా అవలేదు. తర్వాత అవ్వ కొడుకు సెయ్‌కోకి పెళ్ళయింది. కోడలు హత్సుమికి నూనె కాగిందో లేదో చూడటం నేర్పింది సదయోనే. ఆ ఏడు పండగనాడు సమాధి దగ్గర అవ్వ కొత్త కోడలి పేరూ, ఎలుక, ఎద్దు, పంది అంటూ జంతువుల పేర్లతో లెక్కపెట్టే పుట్టిన సంవత్సరమూ చనిపోయిన పెద్దలకి వినిపించింది. ఆ సమయానికి సదయో ఇంట్లో గిన్నెలు తోముతోంది. ఏటా అంతే. నైవేద్యం డబ్బాలు ఆమె సర్దుతుంది, వాళ్ళు మోసుకెళ్తారు.

మొన్న ఉత్తరాన చెట్లు ఆకులు రాల్చే కాలంలో సదయో తమ్ముడి భార్య పోయింది. తమ్ముడు ఫోను చేసి, గది ఖాళీగా ఉంది, వచ్చెయ్యమన్నాడు. పెట్టేసే ముందు, తనకి ముల్లంగి ఊరబెట్టడం రాదని కూడా అన్నాడు. పిలుస్తున్నది అక్కనో వంటమనిషినో సదయోకి అర్థం కాలేదు. ఇక్కడ తానేమిటన్నదీ ఏనాడూ అర్థం కాలేదు గనక, రెంటిలో రక్తసంబంధం ఉన్న వైపుకి మొగ్గింది. ఆ మాట చెబితే హత్సుమి తొట్టిలోని గిన్నెలు కడుగుతూనే, "పదహారో రోజు డబ్బాలెవరు సర్దుతారక్కా?" అంది. వెళ్ళొద్దని అందా, సర్ది వెళ్ళమందా? సదయో అడగలేదు. ప్రయాణం మాత్రం ఈ మధ్యాహ్నపు పడవకి పడింది.

డబ్బాలు బండిలోకెక్కాక, సదయో రాకపోతే తానూ కదలనని నబె అవ్వ మొండికేసింది. తొంభై దాటిన మనిషి. సదయో చెయ్యి తప్ప మిగతావాళ్ళ చేతులు జారిపోతున్నాయట. బసలో అతిథులున్నారని, వాళ్ళని చూసుకోవాలని సెయ్‌కో నచ్చజెప్పబోయాడు. వాళ్ళకి చేతుల్లేవా అని అవ్వ అడిగింది. సదయో కట్టుకున్న వంట ఏప్రాన్‌తోనే బండెక్కింది.

సమాధి వాకిట్లో చాపలు పరిచారు. పంది మాంసం, వేయించిన టోఫు, నాచు ముడులు ఉన్న డబ్బాల మూతలు తీశారు. సదయో గోడవార నిలబడింది. చాప మీద కాలు పెట్టొచ్చో లేదో తేల్చుకోలేక ఒక చెప్పు విప్పి, మళ్ళీ తొడుక్కుంది. అవ్వ నల్లటి అగరుబద్దలు వెలిగించి, చేతులు జోడించి, ఇంటి చిరునామాతో మొదలుపెట్టి ఒక్కొక్కరి పేరూ పెద్దలకి అప్పజెప్పింది. సెయ్‌కో, హత్సుమి, పిల్లలు, మునిమనవలు. ఊపిరి కూడా తీసుకోకుండా,

"పంది సంవత్సరంలో పుట్టిన సదయో. మనింటి మనిషే," అంది.

పిల్లలు డబ్బాలోని మాంసం ముక్కల్నీ సదయోనీ మార్చి మార్చి చూసి కిసుక్కుమన్నారు. పెద్ద దీవి నుంచి వచ్చిన చుట్టం ఒకావిడ, ఈమె ఎవరి కూతురని పక్కావిణ్ణి అడిగింది. పక్కావిడ ఇంకొకరిని అడిగింది. పెద్దలకి ఒకసారి చెప్పిన పేరు వెనక్కి తీసుకునే పద్ధతి అక్కడెవరికీ తెలియదు. సెయ్‌కో గొంతు సవరించుకుని అందరికీ సారా పోశాడు. హత్సుమి దగ్గరకొచ్చి, "అవ్వకి ఈ మధ్య మతి నిలవటం లేదక్కా," అని గొణిగింది. అది ఓదార్పో, క్షమాపణో.

సదయో రెండు చెప్పులూ విప్పి అవ్వ పక్కన కూర్చుంది.

"అవ్వా, నేనెవరో తెలుసా?"

అవ్వ టోఫు చప్పరిస్తూ, "తెలీకేం. మంచు పిల్లవి," అంది.

"మరి పెద్దలకి అలా చెప్పావేం?"

"ఇన్నేళ్ళుగా తింటున్నారు, వండిందెవరని అడగరూ? పై ఏడు చెబుదాంలే అని నేనే నెట్టుకొచ్చా. ఇంకో పై ఏడుకి నేనే అటువైపు కూర్చుంటానేమో."

సదయో మధ్యాహ్నం వెళ్ళిపోతున్నానని చెప్పింది.

"వెళ్ళు. అతిథులైతే గది ఖాళీ చేస్తారు, ఇంటివాళ్ళైతే వెళ్తారు. సెయ్‌కో తమ్ముళ్ళు వెళ్ళలా?" అని అవ్వ ఇంకో ముక్క అందుకుంది. అది మతి ఉన్న మాటో లేని మాటో అవ్వ ముఖంలో ఎక్కడా రాసి లేదు.

ఎవరో ఒళ్ళో పళ్ళెం పెట్టారు. కూర్చుని తినడం అలవాటు లేక, మోకాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక, సదయో మాంసం పులుసు ఏప్రాన్ మీద ఒలకబోసుకుంది.

ఇంటికొచ్చాక ఆమె సంచీ సర్దుకుంది. ఏప్రాన్ ఉతికి పిండింది. ఈ దీవిలో ఈ నెలలో బట్టలు ఆరవు. ఆ సంగతి హత్సుమికి చెప్పింది కూడా ఆమే.

హత్సుమి సంచీ అందిస్తూ, "తడిది ఎలా పట్టుకెళ్తావ్? ఆరాక పోస్టులో పంపనా?" అని అడిగింది.

"ఆరనీ," అంది సదయో.

పంపమనో వద్దనో హత్సుమి అడిగేలోపు సెయ్‌కో హారన్ కొట్టాడు. రేవులో గాలి ఎక్కువగా ఉంది. పడవ వేళకే కదిలింది. సదయో లోపలి వైపు సీట్లో కూర్చోవడంతో ఆమె చెయ్యి ఊపిందో లేదో సెయ్‌కోకి కనిపించలేదు.

సాయంత్రం హత్సుమి బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళింది. సదయో ఇన్నేళ్ళూ తన బట్టలు వేడినీళ్ళ గదిలో బాయిలరు పక్కన ఆరేసుకునేది. అతిథుల బట్టలకి ప్లాస్టిక్ తీగ, ఇంటివాళ్ళ బట్టలకి వెదురు బొంగు. ఆ బొంగు మీద, అవ్వ మేజోళ్ళకీ సెయ్‌కో చొక్కాకీ మధ్య, సదయో రెండు క్లిప్పులు పెట్టి ఆరేసిన ఏప్రాన్ ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతోంది.