ఆసుపత్రుల వీధిలో ఇల్లు

మార్చి నెలలో ఒక ఆదివారం పొద్దున, ఇడ్లీ తింటున్న పెంచలకృష్ణ ముందుకొచ్చి నిలబడి, "బావా, మనం పొగతోటలో ఇల్లు తీసుకుందాం" అంది వాణి.

అతను వెంటనే తలెత్తలేదు. పాప పోయిన ఈ నాలుగు నెలల్లో ఆమె తనంతట తాను ఒకటి కావాలని అడగడం అదే మొదలు. అన్నం పెట్టనా, తలుపు గడియ వేసినావా, మంచినీళ్ల క్యాను అయిపోయింది, ఇలాంటివి తప్ప ఇద్దరి మధ్యా మాటలు లేవు.

పొగతోట అంటే నెల్లూరులో ఆసుపత్రుల పేట. గోడకు గోడ ఆనించి ఆసుపత్రులు, వాటి కింద మందుల షాపులు, రక్తపరీక్షల ల్యాబులు. పల్లెల నుంచి రోగులతో వచ్చినవాళ్లు టిఫిన్ బండ్ల దగ్గర, మెట్ల మీద సంచులు పెట్టుకుని కూర్చుని ఉంటారు. ఒక బండి ఆగితే వెనక ఇరవై ఆగుతాయి. అక్కడికి పనిపడి పోయేవాళ్లే గాని, కాపురానికి ఇల్లు వెతుక్కుంటూ పోయేవాళ్లు తక్కువ.

"ఆసుపత్రుల మధ్యన మనకేం పని? ఇంక ఎవురి కోసం?" అన్నాడు పెంచలకృష్ణ.

వాణి అతని ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసి లోపలికి పోయింది.

వాణి అతని మేనమామ కూతురు. గౌను వేసుకునే వయసు నుంచి ఎరిగిన మనిషి. కోపమొస్తే గిన్నెలు ఎత్తేసేది, అరగంటకు తానే వచ్చి నవ్వేది. ఇప్పుడు గిన్నెల చప్పుడు కూడా లేదు.

వాళ్లుండే ఇల్లు పెంచలకృష్ణ ఏరి కోరి కట్టుకున్నది. అతను కావలిలో హైవే పక్కన పుట్టి పెరిగాడు. నాయన చెంచురామయ్యకు రోడ్డు వారన చిన్న హోటలు ఉండేది, దాని వెనక రెండు గదుల్లో కాపురం. లారీ పోయినప్పుడల్లా గోడకున్న పటాలు కదిలేవి. అమ్మా నాయనా మామూలుగా మాట్లాడుకున్నా పోట్లాడుకుంటున్నట్టు ఉండేది, ఎందుకంటే అరవకపోతే వినపడదు. పరీక్షలప్పుడు చెవుల్లో దూది పెట్టుకుని చదివాడు. పెద్దయినాక ఎక్కడున్నా రోడ్డు మీద మాత్రం ఉండకూడదని అప్పుడే అనుకున్నాడు. కృష్ణపట్నం పోర్టులో క్రేను నడిపే ఉద్యోగం దొరికాక, ముత్తుకూరు రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి, వరి పొలాల మధ్య వేసిన కొత్త లేఅవుటులో ఇల్లు కట్టాడు. అప్పటికి అక్కడ మొత్తం నాలుగే ఇళ్లు.

"ఈడ పిట్ట అరిస్తే కూడా వినపడతాది చూడు" అని గృహప్రవేశం రోజున వాణికి గొప్పగా చెప్పాడు. నిజంగానే వినపడేది. కూతురు ప్రత్యూష పెరిగిందంతా ఆ నిశ్శబ్దంలోనే. ఆ పిల్లకు ఆయాసం ఉండేది. చలికాలంలో ఎక్కువయ్యేది. మందు ఆవిరి పట్టే చిన్న మిషను ఇంట్లోనే ఉంచుకున్నారు. పట్టిన పావుగంటకు లేచి ఆడుకునేది.

నవంబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు వాన కురిసింది. నాలుగో రోజు మధ్యాహ్నం వాన తెరిపిచ్చింది గాని కరెంటు రాలేదు. ప్రత్యూషకు ఆయాసం మొదలైంది. మిషను పని చెయ్యదు. వాణి బుగ్గలు నిమిరింది, వీపు రాసింది, ఇన్‌హేలరు పెట్టింది. పిల్ల పెదాలు రంగు మారుతుంటే అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. ఆర్చి దాటి మూడో రోడ్డు అని చెప్పింది. అలాంటి ఆర్చే, అదే రంగుది, పొలాలకు అవతల ఇంకో లేఅవుటుకు ఉంది. డ్రైవరు అందులోకి పోయాడు. పక్కిళ్లు రెండూ తాళాలు వేసి ఉన్నాయి, మూడో ఇంటాయన బండి వేసుకుని పనికి పోయి ఉన్నాడు.

ఆ సమయంలో పెంచలకృష్ణ క్రేను మీద ఉన్నాడు. డ్యూటీలో ఫోను కింద లాకరులో పెట్టి ఎక్కాలి. సూపర్‌వైజరు వాణి ఫోన్ చేసిందని చెప్పడానికి కింద నిలబడి రెండు చేతులూ ఊపుతుంటే, బరువు దించమంటున్నాడనుకుని దించాడు. అతను ఇంకా ఊపుతూనే ఉన్నాడు. దిగి వచ్చేసరికి అంబులెన్స్ సరైన ఇంటికి చేరి, పాపను ఎక్కించుకుని బయలుదేరింది. నెల్లూరు పొలిమేర దాటకముందే పాప పోయింది.

ఇడ్లీల దగ్గర ఆ మాట అన్న వారానికి, పెంచలకృష్ణ తానే వాణిని వెంటబెట్టుకుని పొగతోటకు తీసుకెళ్లాడు. ఇల్లు చూస్తే ఆమే వద్దంటుందని అతని లెక్క.

రోడ్డు మీదికే ఉన్న మేడ అది. కింద మందుల షాపు, దాని వెనక ఇంటావిడ. పైన రెండు గదులు, రోడ్డు వైపు చిన్న బాల్కనీ. ఇంటావిడ ఎలిశబెతు ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరైన మనిషి. వీధిలో అందరూ సిస్టరమ్మ అంటారు. మెట్లెక్కడానికి మోకాళ్లు సహకరించక, కింది మెట్టు దగ్గరే ఆగి తాళం అందించింది.

"ముందే చెప్తుండానమ్మా. పగలూ రాత్రీ ఇట్టానే ఉంటాది. పోయిన సంవత్సరం వచ్చినవాళ్లు రెండు నెల్లకే ఖాళీ చేసినారు" అంది.

పైకెక్కి కిటికీ తెరిచేసరికి రోడ్డంతా గదిలోకి వచ్చినట్టయింది. హారన్లు, టీ మాస్టరు కేకలు, ఎక్కడో జనరేటరు. అంతలో సైరను. పెంచలకృష్ణ గోడకు చెయ్యి ఆనించాడు. ఆ మోత దగ్గరికొచ్చి, కిటికీ కిందనే పెద్దదై, నాలుగడుగులు పోయి ఆగింది. ఎవరో స్ట్రెచరు లాగిన శబ్దం వినపడింది.

"పోదాం పద. ఈడ మనుషులుంటారా" అన్నాడు అతను.

వాణి కదల్లేదు. బాల్కనీ కమ్మీ పట్టుకుని ఆ స్ట్రెచరు లోపలికి పోయేదాకా చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"ఆ రోజు నాకు సైరను వినపడింది బావా. నీకు చెప్పలా. పాపను భుజానేసుకుని గేటు దగ్గర నిలబడినా. పొలాల అవతల ఆ తెల్ల బండి తిరగతా ఉండటం కనపడతా ఉండాది. మడుల్లో నీళ్లు, అడ్డం పడి పోలేను. దుప్పటి ఊపినా. అరిచినా. అది ఇంకా దూరం పోతా ఉండాది. పాప కూడా విన్నది. 'అమ్మా, వస్తా ఉందా' అని అడిగింది."

పెంచలకృష్ణ బాల్కనీలోకి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఆడ ఆ ఇంట్లో ఎప్పుడు చూసినా నాకు అదే వినపడతాది. దూరం పోయే సైరను. అంత నిశ్శబ్దంలో ఇంక వేరేది ఏముంటాది వినడానికి? ఈడ చూడు, వినపడిందంటే వచ్చేసినట్టే. ఎవురికోసమైతేనేం, వచ్చేసినట్టే."

ఏప్రిల్ ఒకటిన సామాన్లు దించుకున్నారు.

వాణి మొదటి రాత్రే నిద్రపోయింది. అంత మోతలో, నోరు కొంచెం తెరిచి, పసిపిల్లలా పడుకుంది. నెల తిరిగేసరికి కింద సిస్టరమ్మతో కూర్చుని కూరగాయలు తరగడం, టిఫిన్ బండి దుర్గతో నిలబడి మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరో పల్లెటూరి ముసలమ్మకు ల్యాబు ఎక్కడో తెలియకపోతే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించిందని, ఒకరోజు అన్నం తింటూ తనే చెప్పింది.

పెంచలకృష్ణకు సరిగా నిద్ర లేదు. వాణి ఆ రోజు గేటు దగ్గర నిలబడి కళ్లారా చూసింది. అతను చూడలేదు. అందుకని ప్రతి సైరనుకూ కొత్తగా ఊహించుకునేవాడు. ఒకసారి లోపల పాప కూర్చుని ఉన్నట్టు, ఒకసారి పడుకుని ఉన్నట్టు, ఒకసారి తనను అడుగుతున్నట్టు. రోజుకు ఎన్ని వస్తున్నాయో అతనికి తెలియకుండానే మనసు లెక్కపెట్టేది. పోర్టులో క్రేను ఎక్కినాక కూడా చెవుల్లో మోగేది. రెండుసార్లు సైగ తప్పుగా చూసి, సూపర్‌వైజరు చేత మాట పడ్డాడు. వాణికి చెప్పలేదు. ఆమె ముఖంలో కాస్త కళ కనపడుతున్నప్పుడు ఎలా చెప్పడం?

జూన్‌లో ఒక సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చొక్కా విప్పుతున్నాడు. కింద సైరను వచ్చింది గాని పోలేదు. బాల్కనీలోకి వెళ్లి చూస్తే అంబులెన్స్ ముందు ఒక ఆటో అడ్డంగా ఉంది. మోత ఆగడం లేదు. ఆటో కదలడం లేదు. ఒక నిమిషం చూశాడు, రెండు నిమిషాలు చూశాడు. ఆ తర్వాత మెట్లు ఎలా దిగాడో అతనికి గుర్తు లేదు.

ఆటో డ్రైవరును చొక్కా పట్టి బయటికి లాగి చెంప మీద కొట్టాడు. ఒకటి కాదు, మూడో నాలుగో. ఆ మనిషికి అతని వయసే ఉంటుంది. తిరిగి కొట్టలేదు. చేతులు అడ్డం పెట్టుకుని, "ముందర సిమెంటు ట్రాక్టరు ఆగిపోయిందన్నా. నేను యాడికని పొయ్యేది" అంటున్నాడు. పెదవి చిట్లి రక్తం వచ్చింది.

ఆటోలో వెనక సీట్లో ఒక ముసలమ్మ ఒరిగి కూర్చుని ఉంది. కిడ్నీలకు రక్తం శుద్ధి చేయించుకుని ఇంటికి పోతోంది. మోచేతికి కట్టు ఉంది. ఆమె లేవలేక, కట్టు లేని చెయ్యి చాచి, "నా బిడ్డను ఎందుకు కొడతావు నాయనా" అంది. గట్టిగా కూడా అనలేదు. అడిగినట్టు అంది.

జనం మూగారు. ఇద్దరు ముగ్గురు పెంచలకృష్ణను పట్టుకున్నారు. ముందున్న ట్రాక్టరును నలుగురు తోస్తే కదిలింది, అంబులెన్స్ వెళ్లిపోయింది. సిస్టరమ్మ కుంటుకుంటూ వచ్చి, ఆటో డ్రైవరు పెదవి దూదితో తుడిచి, పేరడిగింది. తన పేరు సమాధానం అని చెప్పాడు. "పోలీసులకు చెప్తావా నాయనా?" అని ఆమె అడిగితే, అతను పెంచలకృష్ణ వైపు చూసి, "వద్దులేమ్మా. అమ్మకు ఆలస్యమవతా ఉండాది" అని ఆటో ఎక్కాడు. పెంచలకృష్ణ రెండు చేతులూ జోడించాడు. అతను చూశాడో లేదో తెలియదు.

పైకొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. వాణి చెంబుతో నీళ్లు తెచ్చి, అతని చెయ్యి ప్లాస్టిక్ బేసినులో పెట్టి కడిగింది. వేళ్ల మీద ఆ మనిషి రక్తం ఉంది.

"ఆ ఇల్లు నేనే గదా ఏరినా" అన్నాడు పెంచలకృష్ణ. ఇన్ని నెలల్లో పైకి అనడం అదే మొదలు. "రోడ్డు మీదొద్దు, ప్రశాంతంగా ఉండాలని నేనే గదా. నువ్వు టౌన్లోనే ఉందామన్నావు."

వాణి చెయ్యి కడగడం ఆపలేదు. కాదని అంటుందేమో అని అతను చూశాడు.

"అవును బావా. నేను కూడా అట్నే అనుకున్నా. శానా రోజులు అనుకున్నా."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఎప్పుడన్నా ఒకసారి అనుకుంటా." టవలుతో అతని చెయ్యి తుడిచింది. "నువ్వు అడిగినావు గాబట్టి చెప్పినా. అబద్ధం చెప్తే నీకు తెలీదా?"

అతను ఏడ్చాడు. పాపను పూడ్చిన రోజున కూడా నలుగురి ముందు నిలబడి పనులు చూసుకున్న మనిషి, అప్పుడు ఏడ్చాడు. వాణి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. కింద రోడ్డు మీద హారన్లు మోగుతూనే ఉన్నాయి.

తర్వాత ఆమే అంది. "నువ్వు ఈడ ఉండలేవు బావా. నాకు మొన్ననే తెలిసింది. నిద్రలో పళ్లు కొరకతా ఉండావు."

"నువ్వు ఆడికి రాలేవు."

"రాలేను."

ఇద్దరికీ సరిపోయే ఇంకో చోటు చూద్దామనుకున్నారు. బిట్రగుంటలో, రైల్వే కాలనీ పక్కన ఒక ఇల్లు ఉందని తెలిసినవాళ్లు చెబితే పోయి చూశారు కూడా. మంచి ఇల్లే. పెరట్లో వేప చెట్టు ఉంది. గంటకో రైలు పోతుంది, మిగతాదంతా నిశ్శబ్దం. పెంచలకృష్ణకు బాగుందనిపించింది. వాణి గదులన్నీ తిరిగి, చివరి గదిలో నిలబడి, తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత ఇంకో ఇల్లు వెతుకుదామని ఎవరూ అనలేదు.

జూలైలో పెంచలకృష్ణ రెండు ప్యాంట్లు, నాలుగు చొక్కాలు, షేవింగు సామాను సంచిలో పెట్టుకుని లేఅవుటు ఇంటికి తిరిగిపోయాడు. చుట్టాలకు పోర్టు డ్యూటీలు మారాయని చెప్పారు. నమ్మినవాళ్లు నమ్మారు. వాళ్లు పోట్లాడుకోలేదని, విడాకులు కాదని సిస్టరమ్మకు మాత్రం తెలుసు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు వాణి కింద ల్యాబులో చీటీలు రాసే పని చేస్తోంది. సెలవు దొరికిన ఆదివారం పెంచలకృష్ణ వస్తాడు. మొన్న వచ్చినప్పుడు ఆమె చేపల పులుసు చేసింది. అతను కిటికీకి వీపు పెట్టి కూర్చుని తిన్నాడు. మధ్యలో ఒక సైరను వచ్చింది. ముద్ద చేతిలోనే పట్టుకుని అది ఆగేదాకా ఉన్నాడు. వాణి గరిటె పట్టుకుని అట్లానే ఉంది. ఆగినాక, "ఇంకొంచెం పులుసు పోసేదా?" అని అడిగింది. పొయ్యమన్నాడు.

నాలుగు గంటలకు అతను లేచాడు. వాణి వీధి మొగ దాకా వచ్చింది.

"వచ్చే ఆదివారం డ్యూటీ ఉండాది" అన్నాడు.

"అయితే ఆ పై వారం రా."

"సిస్టరమ్మ చెప్పిన బలం మాత్రలు వేసుకుంటా ఉండావా?"

"వేసుకుంటా ఉండా. నువ్వు ఆ ఇంటికి పోయినాక లైట్లన్నీ వేసుకో. చీకట్లో కూర్చోబాక."

సరేనన్నాడు. ముత్తుకూరు బస్సు వస్తే ఎక్కి, నిలబడే పోయాడు. లోపల సీట్లు ఖాళీగానే ఉన్నాయి.